పాటల సందేహాలు: ఫిల్ కాలిన్స్ సోలో పాటలు

ఇంగ్లండ్ రాక్ బృందం జెనెసిస్‌లో 1970లో డ్రమ్మర్‌గా చేరి, 1975లో పీటర్ గేబ్రియల్ వెళ్ళిపోయాక ఆ బృందానికి గాయకుడైనవారు ఫిల్ కాలిన్స్. 1981లో సొంతంగా ఆల్బమ్‌లు మొదలుపెట్టారు. ఆయన సోలో పాటల మీద సందేహాలు పంపమని అడిగితే ఉత్తరాలు బాగా వచ్చాయి. వాటిలో ఎక్కువ ఒకే పాట చుట్టూ తిరిగాయి కాబట్టి జవాబులూ అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగాయి.

ప్రశ్న: ‘ఇన్ ది ఎయిర్ టునైట్’లో డ్రమ్స్ పడే చోటు గురించి అందరూ గొప్పగా చెబుతారు. ఫోన్లో విన్నాను, బ్లూటూత్ స్పీకర్లో విన్నాను. నాకేమీ అనిపించలేదు. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు మీకు దొరికింది ఏ రూపమో చూసుకోండి. ఈ పాట రెండు రకాలుగా ఉంది. 1981 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఫేస్ వాల్యూ’ ఆల్బమ్‌లోది అయిదున్నర నిమిషాలు. అందులో దాదాపు 3 నిమిషాల 40 సెకన్ల దాకా డ్రమ్స్ ఉండవు. డ్రమ్ మెషిన్ ఒక్కటే సన్నగా టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. అదే ఏడాది జనవరిలో వచ్చిన సింగిల్‌లో మాత్రం ఆ ఘట్టానికి ముందే అడుగున డ్రమ్స్ కలిపారు. తాళం ఎక్కడుందో రేడియోలో వినేవాళ్ళకు తెలియాలని అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ సూచించడంతో అలా చేశారు. మీరు విన్నదానిలో పాట మొదట్లోనే డ్రమ్స్ వినిపించాయంటే అది సింగిల్. మూడున్నర నిమిషాలు చెవిని ఖాళీగా ఉంచితేనే ఆ దెబ్బలకు అంత బలం వస్తుంది. ముందే డ్రమ్స్ విన్న చెవికి అవి మరికొన్ని దెబ్బలు, అంతే. అందుకే మా మాట ఆల్బమ్ రూపానికే.

రెండోది వాల్యూమ్. పాట మొదట్లో శబ్దం తక్కువగా ఉండటంతో చాలామంది పెంచేస్తారు, డ్రమ్స్ పడగానే ఉలిక్కిపడి తగ్గించేస్తారు. దీన్ని తిరగేసి చేయండి. పాటను 3:40 దగ్గరకు జరిపి, డ్రమ్స్ మోగుతుండగా చెవి హాయిగా భరించగలిగినంత పెట్టుకోండి. ఆ తరువాత వాల్యూమ్ ముట్టుకోకుండా మొదటికి వెళ్ళండి.

మూడోది పరికరం. ఫోన్ స్పీకర్‌లో సుమారు 250 హెర్ట్జ్ కింద ధ్వని దాదాపు ఉండదు. టామ్ డ్రమ్ముల (కిట్‌లో లోతుగా మోగే డ్రమ్ముల) బరువంతా దానికంటే కిందే ఉంటుంది కాబట్టి మీకు అట్ట మీద కొట్టినట్టు వినిపిస్తుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్లలో ఇంకో చిక్కు ఉంది. పెద్ద దెబ్బ రాగానే స్పీకర్ చెడిపోకుండా లోపలి లిమిటర్ శబ్దాన్ని నొక్కేస్తుంది. పాట పెద్దది కావలసిన క్షణంలోనే చిన్నదైపోతుందన్నమాట. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ అయినా దీనికంటే నయం. యాప్ సెట్టింగుల్లో పాటలన్నిటి శబ్దాన్ని సమానం చేసే ఆప్షన్, ఫోన్లో ఉన్న ఈక్వలైజర్, సరౌండ్ ఎఫెక్టులు అన్నీ ఆపేసి వినండి.

ప్రశ్న: డ్రమ్స్ నేర్చుకుంటున్నాను. ‘ఇన్ ది ఎయిర్ టునైట్’లోని ఆ ప్రసిద్ధమైన ఫిల్ (బీట్ మొదలయ్యే ముందు పడే డ్రమ్ దెబ్బల వరుస) కొడుతుంటే ప్రతిసారీ పరుగెత్తినట్టు వస్తోంది. వీడియోలు చూసి చేతులు పెడితే ఇంకా గందరగోళం అవుతోంది.
— ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: వీడియోల గందరగోళానికి కారణం తేలిక. కాలిన్స్ ఎడమచేతి వాటం డ్రమ్మర్. ఆయన కిట్ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. మామూలు కిట్‌లో పైస్థాయి టామ్ నుంచి కిందిస్థాయి టామ్‌కు ఎడమ నుంచి కుడికి వెళ్తాం. ఆయన కుడి నుంచి ఎడమకు వెళ్తారు. ఆయన చేతులు చూసి అనుకరించకండి, చెవితో పట్టుకోండి.

ఫిల్‌లో ఉన్నవి పది దెబ్బలు. నాలుగు జతలు, ఆ తరువాత రెండు విడి దెబ్బలు. ముందు కర్రలు పక్కన పెట్టి నోటితో పలకండి: త‑ధీం, త‑ధీం, త‑ధీం, త‑ధీం, ధీం, ధీం. మృదంగం నేర్చుకునేవాళ్ళు సొల్లుకట్టు చెప్పుకున్నట్టే. ‘త’ చిన్నది, ‘ధీం’ మీద బరువు. జతలు పైస్థాయి టామ్ నుంచి మెట్లు దిగినట్టు దిగుతాయి, చివరి రెండు అట్టడుగు టామ్ మీద నిలబడతాయి.

పాట వేగం నిమిషానికి సుమారు 95 బీట్లు. మెట్రోనోమ్ 60 మీద పెట్టి మొదలుపెట్టండి. పదిసార్లు తప్పు లేకుండా వచ్చాక 5 చొప్పున పెంచండి. పరుగు ఎక్కడ వస్తోందో మీరే రికార్డు చేసి వినండి. సాధారణంగా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, జతకూ జతకూ మధ్య ఉన్న ఖాళీని మింగేయడం. రెండు, చివరి రెండు విడి దెబ్బలనూ జతలాగే గబుక్కున కొట్టేయడం. ఆ రెండూ నింపాదిగా పడితేనే తరువాతి బీట్ సరిగ్గా నేల మీద అడుగు పెట్టినట్టు మొదలవుతుంది. ఇంకో మాట: ఫిల్‌లో సింబల్ జోలికి పోకండి. అలవాటు కొద్దీ చాలామంది చివర్లో క్రాష్ సింబల్ కొడతారు, దానితో టామ్ తోక (దెబ్బ తరువాత మిగిలే మోత) వినబడకుండా పోతుంది.

ధ్వని విషయానికొస్తే, కాలిన్స్ వాడినవి అడుగు వైపు తోలు లేని కాన్సర్ట్ టామ్‌లు. అందుకే దెబ్బ ‘బమ్‌మ్‌మ్’ అని సాగకుండా ‘డమ్’ అని తెగిపోతుంది. మీ టామ్‌లకు రెండు వైపులా తోలు ఉంటే, అభ్యాసం కోసం పై తోలు అంచున మడిచిన చిన్న గుడ్డముక్కను టేపుతో అంటించండి. పూర్తిగా అదే ధ్వని రాదు గానీ దగ్గరకు వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో కంప్యూటర్ మీద రికార్డింగ్ చేస్తాను. 80ల నాటి ఆ ‘గేటెడ్’ డ్రమ్ ధ్వని ఎలా తేవాలి? రివర్బ్ పెంచితే గుడి మండపంలో కొట్టినట్టు వస్తోంది, అసలు పంచ్ రావడం లేదు.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రివర్బ్ (ప్రతిధ్వని) పెంచడం సగం పనే. పెంచినదాన్ని కోయడం మిగతా సగం.

అసలు అది ఎలా పుట్టిందో తెలిస్తే సెట్టింగులు వాటంతట అవే అర్థమవుతాయి. లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గేబ్రియల్ మూడో సోలో ఆల్బమ్ (1980) తయారవుతోంది. డ్రమ్స్ మీద కాలిన్స్, ఇంజనీరు హ్యూ ప్యాడ్‌గమ్. అక్కడి ఎస్‌ఎస్‌ఎల్ మిక్సింగ్ బల్లకు ఒక సదుపాయం ఉంది. వాద్యకారులు గదిలోంచి మాట్లాడితే ఇంజనీరుకు వినబడటానికి పైన వేలాడే ఒక మైకు. దూరంగా గొణిగినా, దగ్గరగా అరిచినా ఒకేలా వినబడాలని దానికి చాలా తీవ్రమైన కంప్రెసర్ తగిలించారు. కాలిన్స్ డ్రమ్స్ కొడుతుండగా ఆ మైకు తెరుచుకుంది. గదిలోని ప్రతిధ్వని అంతా ఉబ్బి ముందుకొచ్చి పడింది. ఆ బల్ల మీద ప్రతి చానెల్‌కూ నాయిస్ గేట్ (ధ్వని ఒక స్థాయి కంటే తగ్గగానే దాన్ని మూసేసే సాధనం) కూడా ఉండటంతో ఆ ఉబ్బిన ధ్వని సాగకముందే టక్కున మూసుకుపోయింది. మాటల కోసం పెట్టిన ఆ మైకు ధ్వనిని రికార్డు చేసుకునేలా తరువాత వైరింగ్ మార్పించారు. ఆ ఆల్బమ్‌లో సింబల్స్ వద్దని గేబ్రియల్ పెట్టిన నియమం కూడా ఇక్కడ కలిసొచ్చింది. సింబల్ మోగుతుంటే గేట్ మూసుకోదు.

ఇప్పుడు మీ కంప్యూటర్‌లో. స్నేర్, టామ్‌ల ట్రాకుల నుంచి ఒక సెండ్ తీసి వేరే ఆగ్జిలరీ చానెల్‌కు పంపండి. అక్కడ ముందు రివర్బ్: రూమ్ రకం, డికే 1.5 నుంచి 2 సెకన్లు, ప్రీ‑డిలే సున్నా, తడి ధ్వని 100 శాతం. దాని తరువాత కంప్రెసర్: రేషియో 10:1 లేదా అంతకన్నా ఎక్కువ, రిలీజ్ 50 మిల్లీ సెకన్ల దగ్గర, మీటరు 15 నుంచి 20 డెసిబెల్ వరకు పడేలా థ్రెషోల్డ్. మామూలు పాటల్లో ఇంత నొక్కితే తప్పు, ఇక్కడ ఇదే కావాలి. అన్నిటికంటే చివర గేట్: అటాక్ ఎంత తక్కువ వీలైతే అంత, హోల్డ్ (గేట్ తెరిచి ఉండే సమయం) 200 నుంచి 250 మిల్లీ సెకన్లు, రిలీజ్ (మూసుకోవడానికి పట్టే సమయం) 20 నుంచి 40.

హోల్డ్ అంకె చెవితో దొరకకపోతే లెక్క వేసుకోవచ్చు. 60,000ను పాట వేగంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీ సెకన్లో వస్తుంది. 95 దగ్గర అది సుమారు 632. అందులో సగం 316. హోల్డ్, రిలీజ్ కలిపి ఆ 316 లోపు ఉంటే ధ్వని తరువాతి దెబ్బ మీదకు ఎక్కదు.

పని చెడేది ఎక్కువగా గేట్‌కు తాళంచెవి ఇవ్వడంలో. గేట్ ఎప్పుడు తెరుచుకోవాలో రివర్బ్ ధ్వనిని బట్టి నిర్ణయించనిస్తే, తగ్గుతున్న తోక థ్రెషోల్డ్ దగ్గర ఊగిసలాడి గేట్ తెరుచుకుంటూ మూసుకుంటూ గొణుగుతుంది. సైడ్‌చెయిన్ ద్వారా పొడి (రివర్బ్ లేని) డ్రమ్ ట్రాక్‌ను తాళంచెవిగా ఇవ్వండి. అప్పుడు దెబ్బ పడితే తెరుచుకుంటుంది, లెక్క ప్రకారం మూసుకుంటుంది. ఇక గేట్‌ను రివర్బ్‌కు ముందు పెడితే అసలు ఫలితమే ఉండదు. దెబ్బను కోసి, దాని తోకను మాత్రం స్వేచ్ఛగా వదిలేసినట్టు అవుతుంది. మీ మండపం ధ్వనికి కారణం బహుశా ఇదే. హై‑హ్యాట్, సింబల్స్ ఆ సెండ్‌లోకి రాకూడదు. ఒకే మైకుతో డ్రమ్స్ అన్నీ రికార్డు చేసుంటే ఈ పద్ధతి సరిగ్గా కుదరదు కాబట్టి సింబల్స్ విడిగా మళ్ళీ కొట్టి కలపండి. అడుగు బురదగా అనిపిస్తే రివర్బ్‌కు ముందు 80–100 హెర్ట్జ్ కింద కోసేయండి.

మీ సాఫ్ట్‌వేర్ గేట్‌లో హోల్డ్ మీటే లేదా? రివర్బ్ చానెల్‌ను విడి ఆడియోగా తీసి, ప్రతి దెబ్బ తరువాత 250 మిల్లీ సెకన్ల దగ్గర చేత్తో కత్తిరించి 20 మిల్లీ సెకన్ల ఫేడ్ ఇవ్వండి. పది దెబ్బలకు పది నిమిషాలు పట్టదు.

ప్రశ్న: ఇంత గొప్ప డ్రమ్మర్ తన పాటల్లో డ్రమ్ మెషిన్ ఎందుకు వాడారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పాట రాయడానికి. ఇంట్లో ఒంటరిగా, 8 ట్రాకుల టేప్ యంత్రం ముందు కూర్చుని రాసుకున్న పాటలవి. ‘ఇన్ ది ఎయిర్ టునైట్’లో వినబడే మెషిన్ రోలాండ్ సీఆర్‑78. మన సొంత తాళాన్ని గుర్తుపెట్టుకోగలిగిన తొలి డ్రమ్ మెషిన్లలో అదొకటి. ఎదురుచెప్పకుండా, అలసిపోకుండా అది తాళం వేస్తుంటే ప్రొఫెట్‑5 సింథసైజర్ మీద కార్డులు పట్టి, నోటికొచ్చిన మాటలు పాడుకుంటూ పోయారు. ఆ పాట సాహిత్యంలో చాలా భాగం అలా అప్పటికప్పుడు వచ్చిందే. స్టూడియోకు వెళ్ళాక మళ్ళీ మొదటి నుంచి వాయించకుండా ఇంటి టేపులనే 24 ట్రాకుల టేపు మీదకు ఎక్కించి, వాటి మీద మిగతావి చేర్చారు. ఇంటి రికార్డింగ్‌లో ఉన్న ఆ ఒంటరితనం పాటలో నిలిచింది అందుకే.

‘ససూడియో’ (1985) కూడా ఇలాగే పుట్టింది. మెషిన్ తాళం మీద పాడుతుంటే నోట్లోంచి వచ్చిన అర్థం లేని శబ్దం అది. తరువాత అక్కడ అసలు మాట పెడదామని వెతికారు, ఏదీ అంత బాగా తాళంలో కూర్చోలేదు. ఆ శబ్దాన్నే అమ్మాయి పేరు చేసేశారు. మన సినిమా పాటల్లో బాణీ కట్టేటప్పుడు వేసుకునే డమ్మీ మాటలు చివరిదాకా ఉండిపోయినట్టు.

ప్రశ్న: ఎవరో మునిగిపోతుంటే ఒకడు చూస్తూ ఊరుకున్నాడనీ, కాలిన్స్ అతన్ని కచేరీకి పిలిచి స్పాట్‌లైట్ వేయించి ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ పాడారనీ వాట్సాప్‌లో చదివాను. నిజమేనా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాదు. కాలిన్స్ స్వయంగా ఎన్నోసార్లు ఖండించారు. మొదటి భార్యతో విడిపోతున్న రోజుల్లో వచ్చిన కోపం, బాధ ఆ పాట. అంతకుమించి కచ్చితమైన సంఘటనేదీ దాని వెనక లేదు. వాట్సాప్ కంటే చాలా ముందే ఈ కథ ప్రపంచమంతా తిరిగింది. ర్యాపర్ ఎమినెమ్ 2000లో చేసిన ‘స్టాన్’లో ఒక పిచ్చి అభిమాని నోట ఇదే కథ చెప్పిస్తాడు, అదీ పాట పేరు తప్పుగా. కథను నమ్మే మనిషి ఎలాంటివాడో చూపడానికి వాడుకున్న ఆ సన్నివేశం, వినేవాళ్ళలో కథను ఇంకా బలపరిచింది.

ప్రశ్న: మా కాలేజీ బ్యాండ్‌లో ఒక గిటార్, ఒక కీబోర్డ్ ఉన్నాయి. ‘ఇన్ ది ఎయిర్ టునైట్’కు కార్డ్స్ ఇవ్వండి. నెట్‌లో దొరికినవి వాయిస్తే రికార్డులోలా బరువుగా రావడం లేదు.
— ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కార్డ్స్ మూడే: డి మైనర్, సి, బి ఫ్లాట్, మళ్ళీ సి, మళ్ళీ డి మైనర్. నెట్‌లో ఇవే ఉంటాయి, తప్పు కాదు. మీకు రావలసిన బరువు కార్డుల్లో లేదు, వాటి అడుగున కదలకుండా ఉండే ‘డి’ స్వరంలో ఉంది. పైన కార్డు మారుతున్నా కింద ఆధార షడ్జమంలా అదే మోగుతుంటుంది. తంబూరా శ్రుతి తెలిసిన మన చెవికి ఇది వెంటనే అందుతుంది. శ్రుతి 2, స్వరాలు నటభైరవివి.

కీబోర్డ్ మీద ఎడమచేత్తో కింది ‘డి’ని పట్టి ఉంచండి. కుడిచేత్తో ఎ‑డి‑ఎఫ్, జి‑సి‑ఇ, ఎఫ్‑బి ఫ్లాట్‑డి, మళ్ళీ జి‑సి‑ఇ. చేతి ఆకారం దాదాపు మారదు, మొత్తం చెయ్యి ఒక్కో మెట్టు దిగి మళ్ళీ ఎక్కుతుంది. ధ్వని కోసం మెత్తటి ప్యాడ్ తీసుకుని అటాక్ అర సెకను దాకా పెంచండి. పియానో ధ్వనితో వాయిస్తే ఎంత బాగా వాయించినా మీరడిగిన బరువు రాదు.

గిటార్‌కు రెండు దారులు. మామూలుగా అయితే నాలుగో తీగను నొక్కకుండా మీటి ‘డి’ మోగనివ్వండి. బి ఫ్లాట్ బారె కష్టమైతే అయిదో ఫ్రెట్‌లో క్యాపో పెట్టి ఎ మైనర్, జి, ఎఫ్, జి ఆకారాలు పట్టండి. అలా చేసినప్పుడు కింది ‘డి’ బాధ్యత పూర్తిగా కీబోర్డ్‌కు వదిలేయండి. గిటార్ ఎడతెగకుండా స్ట్రమ్ చేస్తే పాట చచ్చిపోతుంది. డ్రమ్స్ రాకముందు గిటార్ చేయవలసింది అక్కడక్కడా ఒక తీగ మీటి, అది పూర్తిగా తగ్గేదాకా ఆగడం. బ్యాండ్‌లు ఎక్కువగా చేసే పొరపాటు తొందర. కార్డును రికార్డులో ఉన్నదానికంటే ముందే మార్చేస్తారు. రికార్డుతో పాటు నాలుగైదుసార్లు వాయించి, ఎంతసేపు ఆగాలో ఒంటికి పట్టించుకోండి. గాయనికి శ్రుతి సరిపోకపోతే కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ వాడుకోవచ్చు. ఏ శ్రుతికి మార్చినా ఆ ఆధార స్వరం పోనివ్వకండి.

ప్రశ్న: ‘అగైన్‌స్ట్ ఆల్ ఆడ్స్’ పాడుతుంటే మొదట బాగానే ఉండి, పల్లవి దగ్గర గొంతు చిరుగుతోంది.
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: 1984లో అదే పేరుగల సినిమాకు చేసిన పాట. ‘ఫేస్ వాల్యూ’ రోజుల్లో రాసుకుని పక్కన పెట్టిన బాణీని దర్శకుడు టేలర్ హ్యాక్‌ఫర్డ్ అడిగినప్పుడు బయటికి తీశారు. అమెరికాలో కాలిన్స్‌కు మొదటి నంబర్ వన్ ఇదే. రికార్డు శ్రుతి డి ఫ్లాట్, అంటే మన లెక్కలో ఒకటిన్నర. చరణం తక్కువ స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది. అది సుఖంగా ఉందని శ్రుతి ఖాయం చేసుకుంటే పల్లవిలో దొరికిపోతారు. తలకిందులుగా చేయండి. ముందు పల్లవిలోని పైస్వరం అరవకుండా మూడుసార్లు వరుసగా పాడగలిగే శ్రుతి ఏదో చూడండి. కరవోకె ట్రాక్‌ను ఒక్కో అర స్వరం చొప్పున తగ్గిస్తూ వెళ్ళండి. రెండు మూడు మెట్లు తగ్గినా పాట అందం పోదు. చరణం మరీ కిందికి పోయి వినబడకపోతే మైకు దగ్గరగా పట్టుకుంటే సరి, అక్కడ బలం అక్కర్లేదు. రికార్డులో కూడా పాట సగం దాటేదాకా పియానో, తంత్రీవాద్యాలే. డ్రమ్స్ ప్రవేశించే చోటు కోసం గొంతు దాచిపెట్టుకోండి. గిటార్ తోడుంటే ఒకటో ఫ్రెట్‌లో క్యాపో పెట్టి సి ఆకారాలు వాయించమనండి.

ప్రశ్న: ఆయన హిట్‌లలో ఎన్ని సొంతవి, ఎన్ని ఇతరులవి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో సోలోగా ఏడు పాటలు మొదటి స్థానానికి వెళ్ళాయి: ‘అగైన్‌స్ట్ ఆల్ ఆడ్స్’, ‘వన్ మోర్ నైట్’, ‘ససూడియో’, మెరిలిన్ మార్టిన్‌తో కలిసి పాడిన ‘సెపరేట్ లైవ్స్’, ‘గ్రూవీ కైండ్ ఆఫ్ లవ్’, ‘టూ హార్ట్స్’, ‘అనదర్ డే ఇన్ ప్యారడైజ్’. వీటిలో ‘సెపరేట్ లైవ్స్’ రాసింది స్టీఫెన్ బిషప్. ‘గ్రూవీ కైండ్ ఆఫ్ లవ్’ 60లలో మైండ్‌బెండర్స్ పాడినది. దాని బాణీ మూలం ఇంకా వెనక, స్వరకర్త క్లెమెంటీ రాసిన సొనాటినాల్లో (చిన్న పియానో రచనల్లో) ఉంది: ఓపస్ 36లో అయిదోదాని చివరి భాగం. మీ ఇంట్లో పిల్లలెవరైనా పియానో పరీక్షలకు వెళ్తుంటే అది వాయించమని అడగండి, వెంటనే గుర్తుపడతారు. ‘టూ హార్ట్స్’ను కాలిన్స్, పాటల రచయిత లామాంట్ డోజియర్ కలిసి చేశారు. కాలిన్స్‌కు బ్రిటన్‌లో 1983లో మొదటి సోలో నంబర్ వన్ తెచ్చిన ‘యు కాంట్ హర్రీ లవ్’ అసలు 1966లో మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీకి సుప్రీమ్స్ బృందం పాడిన పాట. దాని రచయితల్లో ఒకరు ఈ డోజియరే. చిన్నప్పటి నుంచి మోటౌన్ పాటలు ప్రేమించిన మనిషికి ఆ రచయితే పక్కన కూర్చుని పాట కట్టే రోజు రావడం మాకు చాలా ఇష్టమైన సంగతి.

ఇన్ని మాట్లాడుకున్న ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ ఈ జాబితాలో లేదు. అమెరికాలో అది 19 దగ్గరే ఆగింది, బ్రిటన్‌లో 2.

ప్రశ్న: పాత ఎల్‌పీ రికార్డుల దుకాణంలో ‘ఫేస్ వాల్యూ’ చూశాను. పాతదా, కొత్త ముద్రణా ఎలా తెలుస్తుంది? కొనేముందు ఏం చూడాలి?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అట్ట మీది ముఖం చూడండి. 1981 నాటిదాంట్లో యువకుడైన కాలిన్స్. 2016లో ఆల్బమ్‌లన్నీ రీమాస్టర్ చేసినప్పుడు అవే భంగిమల్లో కొత్తగా ఫొటోలు తీశారు, కాబట్టి వాటి మీద వయసు మళ్ళిన ముఖం ఉంటుంది. వినడానికి రెండూ మంచివే. గీతలు లేనిది కొనండి.

రికార్డును దీపం కింద వాలుగా పట్టి చూడండి. వేలిగోటికి తగలని సన్నగీతలు పెద్దగా బాధించవు, గోటికి తగిలేవి ప్రతి చుట్టులో టక్కుమంటాయి. కంటికి సమాంతరంగా పట్టుకుంటే వంకర తెలుస్తుంది. మొదటి వైపు మొదటి పాటే ‘ఇన్ ది ఎయిర్ టునైట్’. అది బయటి గాడిలో ఉండటం అదృష్టం. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో బయటి గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది. లోపలికి వచ్చేసరికి అది దాదాపు 21కి పడిపోతుంది, అందుకే చివరి పాటల్లో గరగర ఎక్కువ. అయితే అందరూ ఎక్కువసార్లు వేసుకున్న పాట కూడా అదే కాబట్టి ఆ గాడే ముందు అరుగుతుంది. పాట మొదట్లోని నిశ్శబ్దంలో పొయ్యి మీద పోపు చిటపటల్లాంటి శబ్దం ఎడతెగకుండా ఉంటే వదిలేయండి, తుడిస్తే పోయేది కాదు. అప్పుడప్పుడూ టక్కుమంటే దుమ్ము కావచ్చు. సూది బరువు కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పినంతే పెట్టండి, చాలావాటికి 1.5 నుంచి 2 గ్రాములు. తేలిగ్గా పెడితే రికార్డుకు మంచిదనుకుంటారు. నిజానికి తేలికైన సూది గాడిలో ఎగిరి గోడలను ఎక్కువ గీస్తుంది.

ప్రశ్న: ఇప్పుడు డ్రమ్స్ ఎందుకు వాయించడం లేదు?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: 2007 జెనెసిస్ యాత్రలో మెడ వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. 2009లో శస్త్రచికిత్స అయినా చేతివేళ్ళలో పట్టు తిరిగి రాలేదు. 2010 నాటి ‘గోయింగ్ బ్యాక్’ ఆల్బమ్‌కు కర్రలను చేతులకు టేపుతో కట్టుకుని వాయించారు. 2017లో మొదలైన సోలో యాత్రలో కుర్చీలో కూర్చుని పాడితే, వెనక డ్రమ్స్ మీద కూర్చున్నది కొడుకు నిక్. జెనెసిస్ చివరి కచేరీ 2022 మార్చి 26న లండన్‌లో జరిగింది, అందులోనూ డ్రమ్స్ నిక్‌వే.

ప్రశ్న: ‘ఫేస్ వాల్యూ’లో శంకర్ అనే పేరు చూశాను. రవిశంకరేనా?
— ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: కాదు. మద్రాసులో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్. ఎల్. సుబ్రహ్మణ్యం తమ్ముడు. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో ‘శక్తి’ బృందంలో వాయించినవారు. ‘ఇన్ ది ఎయిర్ టునైట్’లో కూడా ఆయన వయొలిన్ ఉంది. సింథసైజర్‌తో కలిసిపోయి ఉంటుంది కాబట్టి మొదటిసారి దొరకదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, డ్రమ్స్ రాకముందు వెనకాల సాగే స్వరాల మీదే చెవి ఉంచండి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టు తెలియకుండా జారేది ఆ విల్లే. ఆ తరువాత అదే వైపున ఉన్న ‘డ్రోన్డ్’ వినండి, అక్కడ దాచుకోకుండా వాయించారు.